బా ఇంటి శ్రావణం, మన ఇంటి శ్రావణం
పండుగ ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో గుజరాతీల వ్రతాల గురించి నాలుగు మాటలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గుజరాతీ ఇళ్లకు కోడళ్లుగా వెళ్లిన మన ఆడపిల్లలవి, వాళ్ల తల్లులవి. నాకు ఈ సంగతులు ఎలా తెలుసని కొందరు అడిగారు. మా నాన్న వరంగల్‌లో ఒక గుజరాతీ సేట్ పత్తి దుకాణంలో గుమాస్తా. మట్టెవాడలో వాళ్ల ఇంటి వెనక వాటాలోనే మేం పద్నాలుగేళ్లు కిరాయికి ఉన్నాం. సేట్ వాళ్ల అమ్మను వాడంతా ‘బా’ అనేది. గుజరాతీలో అమ్మను, నాయనమ్మను అలాగే పిలుస్తారు. ఆమె కొంగు పట్టుకుని తిరిగి నేర్చుకున్నవే ఇక్కడ చెప్తున్నాను. తేదీలు మాత్రం పంచాంగంతో సరిచూశాను.

ప్రశ్న: అమ్మా, నమస్తే. మా బిడ్డను నిరుడు సూరత్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వాళ్లింటికి ఇచ్చాం. బిడ్డ ఫోన్‌లోని హిందీ క్యాలెండర్‌లో ఈ 2026 శ్రావణం జూలై 30న మొదలని ఉంది. వాళ్ల అత్తమ్మేమో ‘అది ఇంకా ఆషాఢమే, ఆగు’ అంటుందట. సోమవారాలు మొదలుపెడితే అత్తమ్మకు కోపం, ఆగితే వ్రతం తప్పుతుందేమోనని బిడ్డకు టెన్షన్. ఏది నిజం? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: మీ వియ్యపురాలు చెప్పిందే మీ బిడ్డ పాటించాలి. ఇంకో మాట చెప్తాను, మీకు సంతోషమనిపిస్తుంది. నెలల విషయంలో మీ పంచాంగం, ఆమె పంచాంగం ఒక్కటే.

మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. పాడ్యమితో కొత్త నెల మొదలై ముందు శుద్ధం, తర్వాత బహుళం వస్తాయి. గుజరాతీలదీ ఇదే పద్ధతి. వాళ్లు శుద్ధాన్ని ‘సుద్’ అంటారు, బహుళాన్ని ‘వద్’ అంటారు. ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్ వైపు నెల పున్నమితో ముగుస్తుంది, అందుకని వాళ్లకు నెలలో ముందు బహుళ పక్షం వస్తుంది. ఈ ఏడు జూలై 29న పున్నమి. ఆ మర్నాటి నుంచి ఆగస్టు 12 అమావాస్య దాకా ఉన్న పక్షాన్ని మనం, గుజరాతీలు ఆషాఢ బహుళం అంటాం. హిందీ వాళ్లు దాన్నే శ్రావణ కృష్ణ పక్షం అంటారు. చంద్రుడు ఒక్కడే, తిథి ఒక్కటే, పేరు వేరు. ఆగస్టు 13 నుంచి పున్నమి దాకా ఉన్న శుద్ధ పక్షం మాత్రం అందరికీ శ్రావణమే.

అందుకే పండుగ రోజు మారదు. సెప్టెంబర్ 4న కృష్ణాష్టమి. మనకూ వాళ్లకూ అది శ్రావణ బహుళ అష్టమి, కాశీలో భాద్రపద కృష్ణ అష్టమి. శివరాత్రి మనకూ గుజరాతీలకూ మాఘ బహుళ చతుర్దశి, హిందీ వాళ్లకు ఫాల్గుణ మాసంలోది. మూడు చోట్లా జాగారం ఒకే రాత్రి. తేడా వచ్చేది నెలంతా చేసే వ్రతాలకే. సోమవారాలు అలాంటివి. మీ బిడ్డకు ఆగస్టు 17, 24, 31, సెప్టెంబర్ 7 సోమవారాలు. హిందీ లెక్కలో ఆగస్టు 3, 10, 17, 24. మధ్యలో రెండు వారాలు ఇద్దరికీ కలుస్తాయి కూడా. ఇందులో తప్పేదేమీ లేదు.

బిడ్డతో ఒక పని చేయించండి. అత్తమ్మ పక్కన కూర్చుని నెలల పేర్లు, తిథుల పేర్లు అడిగి రాసుకోమనండి. కార్తక్, మాగ్‌శర్, పోష్, మహా, ఫాగణ్, చైత్ర, వైశాఖ్, జేఠ్, అషాఢ్, శ్రావణ్, భాదర్వో, ఆసో. మాఘం ‘మహా’ అవుతుంది, ఆశ్వయుజం ‘ఆసో’ అవుతుంది. విదియ బీజ్, చవితి చోథ్, సప్తమి సాతమ్, ఏకాదశి అగియారస్, పున్నమి పూనమ్, అమావాస్య అమాస్. నాకు ఇవి తెలుగు ఎక్కాల కంటే ముందు వచ్చాయి. బా బియ్యం ఏరుతూ చెప్పేది, నేను, ఆమె మనుమరాలు వంత పాడేవాళ్లం. ఇల్లు మారిన పిల్లకు వ్రతం కంటే ముందు ఆ ఇంటి మాట దొరకాలి.

ఈసారి పండుగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయని కూడా అడిగారు. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, అందుకే. అది గుజరాతీలకూ అధిక మాసమే. వాళ్లు పురుషోత్తమ మాసమని దానాలు, పారాయణాలు ఇంకా గట్టిగా చేస్తారు.

ప్రశ్న: మా ఇంటి యజమాని అహ్మదాబాద్‌లో అచ్చయిన గోడ క్యాలెండర్ చూస్తారు. ఒక్కోసారి అందులో తిథికి, మన పంచాంగంలో తిథికి ఒక రోజు తేడా వస్తోంది. అచ్చు తప్పా? (మంచిర్యాల)

జవాబు: అచ్చు తప్పు కాదు, సూర్యోదయం తేడా. చాలా పండుగలకు సూర్యోదయం వేళ ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే తిథి. వరంగల్‌కు, అహ్మదాబాద్‌కు రేఖాంశంలో ఏడు డిగ్రీల తేడా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సుమారు 28 నిమిషాలు. ఆగస్టు చివర మన దగ్గర ఆరు గంటల ప్రాంతంలో పొద్దు పొడిస్తే అక్కడ ఆరుంపావు దాటాకే. ఒక తిథి ఆ మధ్యలో ముగిసిందనుకోండి, ఇక్కడి రోజుకు ఒక తిథి, అక్కడి రోజుకు దాని తర్వాతి తిథి వస్తాయి. మనం ఉన్న ఊరి పొద్దును బట్టి చేయడమే సరైనదని నా అభిప్రాయం. ఇంటి పెద్దలు పుట్టినూరి లెక్కే పట్టుకుంటే వాళ్లతో వాదన పెట్టుకోకండి.

ప్రశ్న: నా మనుమరాలికి ఎనిమిదేళ్లు. తండ్రి వైపు గుజరాతీలు. ఈ ఆషాఢంలో దాని చేత ఐదు రోజులు ఉప్పు లేని వ్రతం పట్టిస్తామంటున్నారు. పసిపిల్ల ఎట్ల ఉంటుంది? నాకు నిద్ర పట్టడం లేదు. వద్దంటే అల్లుడు ఏమనుకుంటాడో. (ఒక అమ్మమ్మ, హనుమకొండ)

జవాబు: అమ్మా, మీ భయం నాకు తెలుసు. నేనూ తొమ్మిదేళ్లప్పుడు ఆ వ్రతం పట్టాను, మా అమ్మకూ ఇట్లాగే నిద్ర పట్టలేదు.

దాని పేరు గౌరీ వ్రతం. ఇళ్లల్లో మోళాకత్ అంటారు, కొందరు మోరాకత్ అంటారు. మోళు అంటే ఉప్పు లేనిది, మన మాటలో సప్పిడిది. ఆషాఢ శుద్ధ ఏకాదశి నుంచి పున్నమి దాకా ఐదు రోజులు చిన్న ఆడపిల్లలు చేస్తారు. ఈసారి జూలై 25 నుంచి 29 దాకా. మొదటి రోజు మన తొలి ఏకాదశే. మన బొడ్డెమ్మ లాగే ఇది కూడా పెళ్లికాని పిల్లల పండుగ. గౌరమ్మ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

వ్రతానికి కొన్ని రోజుల ముందే మట్టి గురుగుల్లో గోధుమలు చల్లుతారు. వ్రతం మొదలయ్యేసరికి జానెడు మొలక వస్తుంది. వాటిని ‘జవారా’ అంటారు. పిల్ల రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, మొలకలకు నీళ్లు పోసి, కుంకుమ పెట్టి, పత్తితో చేసిన దండ వేస్తుంది. ఆ దండ పేరు ‘నాగలా’. మొదటిసారి చూసి మా అమ్మ, ‘ఇది మన పత్తి వస్త్రమే కదా’ అంది. నిజంగానే అదే. దూది ఒత్తుగా లాగి, మధ్య మధ్య కుంకుమ చుక్కలు అద్ది, మనం వినాయకుడికి వేసేదే. మా నాన్న దుకాణం నుంచి తెచ్చిన దూదితో ఆ ఏడు ఇద్దరు పిల్లలకూ అమ్మే నాగలాలు చేసి ఇచ్చింది.

తిండి సంగతికి వస్తాను, మీ దిగులంతా అక్కడే కదా. పాలు, నెయ్యి, పండ్లు, బాదం, జీడిపప్పు, ఉప్పు వేయని గోధుమ రొట్టె, ఖీర్ పెడతారు. కడుపు మాడ్చేది కాదు. మా ఇంట్లో తొలి ఏకాదశికి అమ్మ దంచిన పేలాల పిండి ఉంటే, బెల్లమే కదా, ఉప్పు లేదు కదా అని బా అదీ తినమంది. నీళ్లకు ఏ ఆంక్షా లేదు, బాగా తాగించండి. బడికి పంపేటప్పుడు డబ్బాలో ఏం పెట్టారో మీరే చూడండి. పిల్ల నీరసపడితే, జ్వరం వస్తే, వాంతి చేసుకుంటే అక్కడితో ఆపి ఉప్పేసిన మజ్జిగ తాగించండి. ముందే ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్న పిల్లయితే డాక్టర్‌ను అడగకుండా అసలు పట్టించొద్దు. ఈ మాట అల్లుడితో నేరుగా చెప్పండి. బిడ్డ మేలు కోరి చెప్పే మాటకు ఏ తండ్రీ తప్పు పట్టడు.

నా సంగతి వినండి. మూడో రోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మామిడి తొక్కు కలుపుతున్నారు. ఆ వాసనకు ఆగలేక వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక గుర్తొచ్చింది. ఏడుస్తూ ముందింటికి పోయాను. గౌరమ్మ నాకేం చేస్తుందోనని ఒళ్లంతా వణుకు. బా నా మూతి తుడిచి, ‘సాయంత్రం గురుగుకు నీళ్లు పోశావా?’ అని అడిగింది. లేదన్నాను. ‘పో, అవి వాడిపోతయ్. ముందు వాటి సంగతి చూడు’ అంది. అంతే. తిట్టలేదు, దోషమనలేదు, ప్రాయశ్చిత్తం చెప్పలేదు. నేను నీళ్లు పోసి వచ్చి కూర్చుంటే గిన్నెలో ఖీర్ పెట్టి చేతికిచ్చింది. మిగిలిన రెండు రోజులూ చేశాను. ఆఖరి రాత్రి జాగారం అయ్యాక తెల్లవారి పచ్చగా ఎదిగిన గురుగులు చెరువు దగ్గరికి మోసుకుపోయి నీళ్లలో వదిలాం. వదలబుద్ధి కాలేదు నాకు.

మీ మనుమరాలు మధ్యలో తప్పినా ఇంట్లో ఎవరూ దాన్ని భయపెట్టకుండా చూడండి. మీరు చేయవలసిన కాపలా అదే. వీలైతే ఆ ఐదు రోజులూ పోయి దాని దగ్గర ఉండండి. నాగలా మీ చేత్తో చేసి ఇవ్వండి.

ప్రశ్న: కొత్తగా పెళ్లయి గుజరాతీ ఇంటికి వచ్చాను. మూడు నెలల బాబు ఉన్నాడు. శ్రావణ సప్తమినాడు పొయ్యి వెలిగించరని, ముందురోజు వండిందే తింటారని చెప్పారు. బాబుకు పాలు కాచాలన్నా తప్పేనా? సద్దివి తింటే జబ్బు చేయదా? ఇంకొకటి, వీళ్లు పున్నమి తర్వాత నాగపంచమి చేస్తున్నారు. మనది ముందే అయిపోయింది కదా? (జనగామ)

జవాబు: నాగపంచమి ముందు చెప్తాను, చిన్నది. మనకు శ్రావణ శుద్ధ పంచమి, వాళ్లకు శ్రావణ వద్ పాంచమ్. రెండు వారాల ఎడం. రెండూ సరైనవే. నీకు రెండు పండుగలు వచ్చాయనుకో.

వాళ్లకు శ్రావణంలో చవితి నుంచి అష్టమి దాకా వరసగా ఐదు రోజులు పండుగలే. బహుళ చవితి బోళ్ చోథ్. ఆవును, దూడను పూజిస్తారు, ఆ రోజు గోధుమ తినరు, పాలు పెరుగు దూడకు వదిలేస్తారు, కత్తితో కోసింది ముట్టరు. మర్నాడు నాగపంచమి. షష్ఠి రాంధణ్ ఛఠ్, అంటే వంటల ఛఠ్. ఆ రాత్రి లోపల వంటంతా ముగించి, పొయ్యి చల్లార్చి, కడిగి కుంకుమ పెడతారు. సప్తమి శీతలా సాతమ్. అష్టమి కృష్ణుడి పుట్టినరోజు. హిందీ వైపు శీతలమ్మ పండుగ హోలీ తర్వాత వచ్చే అష్టమికి చేస్తారు, కాబట్టి ఇది కూడా ఫోన్‌లో చూసి కంగారుపడొద్దు.

శీతల అంటే చల్లనిది. మన పోచమ్మ తల్లే అనుకో. ఒకప్పుడు మశూచి వస్తే మనం ‘అమ్మవారు పోసింది’ అని వేపాకు కట్టి, బోనంలో పెరుగన్నం పెట్టి, తల్లీ చల్లగుండు అని మొక్కేవాళ్లం. గుజరాతీ తల్లులు అదే భయంతో ఒక రోజు ఇంట్లో నిప్పే లేకుండా చేశారు. మశూచి ప్రపంచంలో లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పిల్లలు చల్లగా ఉండాలనే మొక్కు మాత్రం తల్లులకు మిగిలింది.

ఆ రోజు చెప్పే కథ ఇది. ఛఠ్ రాత్రి వండి వండి అలసిన చిన్న కోడలు బిడ్డకు పాలిస్తూ నిద్రపోయింది, పొయ్యిలో నిప్పు ఆర్పలేదు. ఇల్లిల్లూ తిరుగుతూ పొయ్యిల్లో పొర్లి చల్లబడే శీతలమ్మ ఆ పొయ్యిలో కాలింది. నా ఒళ్లు కాలినట్టే నీ కడుపు కాలాలని శపించింది. తెల్లారేసరికి బిడ్డ లేడు. ఆ తల్లి బిడ్డను బుట్టలో పెట్టుకుని అమ్మవారిని వెతుక్కుంటూ పోయింది. చెట్టు కింద తల విరబోసుకుని కూర్చున్న ఒక ముసలామె, నా తలలో పేలు చూడమంటే, ఇంత దుఃఖంలోనూ కూర్చుని చూసింది. ముసలామె చల్లబడి, నీ కడుపు చల్లగుండనీ అంది. బిడ్డ లేచాడు. ఆ ముసలామే శీతలమ్మ.

ఈ కథ వినేటప్పుడు నాకు ఎప్పుడూ ఆ చిన్న కోడలే కళ్ల ముందు ఉంటుంది. రాత్రంతా వండింది ఒక్కతే. నిద్ర ఆగని బాలింత. అందుకని మీ ఇంట్లో వాళ్లకు నా మాటగా చెప్పు: ఛఠ్ నాడు బాలింతకు వంట పని పెట్టొద్దు.

బాబు పాల సంగతి. నువ్వు నీ పాలే ఇస్తుంటే ఏ చిక్కూ లేదు. పోతపాలైతే వేడినీళ్లు కావాలి. కాచు. బా మనుమడు ఆరు నెలలవాడై ఉన్నప్పుడు ఆ సాతమ్ నాడు పాలగిన్నె మా వాటాకు వచ్చేది. మా అమ్మ కిరోసిన్ స్టవ్ మీద కాచి ఇచ్చేది. వాళ్ల పొయ్యి వెలగలేదు, పిల్లవాడి కడుపు నిండింది. మీ పక్కింట్లో మన వాళ్లుంటే అట్లా చేసుకోండి. ఎవరూ లేకపోతే మీ ఇంట్లోనే కాచుకో. పసిబిడ్డ కోసమే పుట్టిన పండుగలో పసిబిడ్డను పస్తుంచడం నేను ఒప్పుకోను.

సద్ది గురించి. ఆ రోజుకని చేసేవి చాలావరకు నిలవ ఉండేవే. మెంతికూర థేప్లా, పూరీలు, తియ్య పూరీలు, సజ్జపిండి వడలు, సుఖడీ. సుఖడీ అంటే నెయ్యిలో వేయించిన గోధుమపిండి, బెల్లం. పెరుగు ఫ్రిజ్‌లో పెట్టండి. అన్నం, పప్పు లాంటి తడివి రాత్రంతా బయట పెట్టి తినొద్దు, వానాకాలం పులిసిపోతాయి. సద్దుల బతుకమ్మకు పులిహోర, పెరుగు సద్ది కట్టుకుని పోయే ఊరి పిల్లవు నువ్వు, చల్లటి తిండి నీకు కొత్త కాదు.

ప్రశ్న: నేను ఒక గుజరాతీ సేట్ దుకాణంలో లెక్కలు రాస్తాను. నిరుడు అక్టోబర్ 20న దీపావళి పూజ చేసి, 21 ఖాళీ అన్నారు, 22న కొత్త సంవత్సరం 2082 అన్నారు. మనది 1947 కదా. మధ్యలో ఆ ఖాళీ రోజేంటి? (వరంగల్)

జవాబు: మనం ఉగాదికి సంవత్సరం మారుస్తాం, శాలివాహన శకం లెక్క. వాళ్లు దీపావళి తెల్లవారి కార్తీక శుద్ధ పాడ్యమికి మారుస్తారు, విక్రమ సంవత్ లెక్క. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మన అంకెకు 135 కలిపితే వాళ్ల అంకె వస్తుంది. ఉగాదికి మనది ఒకటి పెరుగుతుంది కాబట్టి అప్పటి నుంచి దీపావళి దాకా 134 కలపాలి. ఇప్పుడు మనది 1948, వాళ్లది ఇంకా 2082.

దీపావళికి సాయంత్రం అమావాస్య ఉండాలి, కొత్త సంవత్సరానికి పొద్దున పాడ్యమి ఉండాలి. నిరుడు 20 సాయంత్రం అమావాస్య ఉంది, 21 పొద్దున కూడా ఇంకా అమావాస్యే. పాడ్యమి 22 పొద్దున దొరికింది. మధ్యలో మిగిలిన రోజును ‘ధోకో’ అంటారు. ఈసారి కూడా అంతే: నవంబర్ 8న దీపావళి, 9 ధోకో, 10న సంవత్ 2083.

పూజలో పెట్టిన కొత్త చోప్డా, అంటే ఖాతా పుస్తకం, లాభ్ పాంచమ్ నాడు, అంటే కార్తీక శుద్ధ పంచమికి దుకాణం తెరిచాకే మొదలుపెడతారు. సర్కారు లెక్క ఏప్రిల్ నుంచే అయినా చాలామంది ఈ పూజ మానలేదు. మా నాన్న ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాడు. మొదటి పేజీ మీద ‘శుభ్’, ‘లాభ్’ అని రాసేది సేట్, మొదటి పద్దు రాసేది నాన్న. కొత్త సంవత్సరం తెల్లవారుజామున వాడలో ‘సబ్‌రస్’ అని కేకేస్తూ ఉప్పు అమ్మేవాళ్లు వచ్చేవాళ్లు. అన్ని రుచులూ అందులోనే అని ఆ పేరు. బా కొని గుప్పెడు మా అమ్మ చేతిలో పోసేది.

ప్రశ్న: ఆంటీ, నేను గుజరాతీ అమ్మాయిని. పుట్టింట్లో మూడేళ్లు జయాపార్వతీ వ్రతం చేశాను, ఇంకా రెండేళ్లు ఉంది. ఇప్పుడు పరకాలలో తెలుగు ఇంటి కోడలిని. మా అత్తమ్మకు ఈ వ్రతం తెలియదు. అడగాలంటే మొహమాటం. వదిలేయనా? (పరకాల)

జవాబు: వదలకు బిడ్డా. ఐదేళ్లని మొదలుపెట్టావు, ఐదేళ్లు చెయ్యి. ఆషాఢ శుద్ధ త్రయోదశి నుంచి బహుళ తదియ దాకా కదా, ఈసారి జూలై 27న మొదలు. గోధుమలు ముందే చల్లుకోవాలి కాబట్టి ఈ వారమే అత్తమ్మకు చెప్పు. ‘అత్తమ్మా, ఇది మన మంగళగౌరి నోము లాంటిది, పార్వతమ్మకు చేస్తాం, ఐదు రోజులు ఉప్పు తినను, మీకు వంటలో ఇబ్బంది లేకుండా నేనే చూసుకుంటాను’ అను. నోముకు ఉద్యాపన ఉంటుందని ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. మీరు ‘ఉజవణు’ అంటారు, మేం ఉద్యాపన అంటాం, ముత్తైదువలను పిలిచి భోజనం పెట్టడం రెండు చోట్లా ఉంది.

గురుగులు పరకాలలో కుమ్మరి ఇంట్లోనే దొరుకుతాయి. ఆఖరి రాత్రి జాగారానికి తోడు కావాలి కదా. మీ అత్తమ్మను పచ్చీసు ఆడదామని పిలువు. గవ్వలు ఆమె దగ్గరే ఉంటాయి.